పాత్రత లేని పాత్రలు

కథలో ఉండే మనిషిని మనం ‘పాత్ర’ అంటాం. దానం పుచ్చుకోవడానికి తగినవాణ్ణి ‘పాత్రుడు’ అంటాం. తగనివాడి చేతిలో పెడితే అది అపాత్రదానం. వంటింట్లో గిన్నె కూడా పాత్రే. ఒకే మాటకు ఇన్ని అర్థాలుండడం నిఘంటువుకు సంబంధించిన సంగతి మాత్రమేనని నేను చాలాకాలం అనుకున్నాను. మన కథలను, ముఖ్యంగా ప్రజల పక్షాన నిలబడ్డామని చెప్పుకునే మనం రాసిన కథలను, మళ్ళీ వరుసగా చదువుతుంటే ఆ నమ్మకం సడలింది. పేదవాడు కథలో పాత్ర కావాలంటే ముందుగా అతను సానుభూతి అనే దానానికి పాత్రుడై ఉండాలన్న నియమం ఒకటి మన రచనల్లో చాలా పకడ్బందీగా అమలు జరుగుతూ వచ్చింది. దాన్ని అమలు జరిపినవాళ్ళలో నేనూ ఉన్నాను కనుక ముందు నా సంగతే చెబుతాను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైన తర్వాత రెండు మూడేళ్ళకు, ఒక చిన్న పత్రికకు వచ్చే కథలను చదివి ఏరే పని నాకు అప్పగించారు. ఒక కాలేజీ కుర్రాడు కథ పంపాడు. అందులో ఒక తల్లి ఉంది. బియ్యం కార్డు ఇవ్వడానికి ముందు ఇల్లు చూసిపోయేందుకు గుమాస్తా వస్తున్నాడని తెలిసి, ఆమె మొగుడి సైకిలును పక్కింటి దొడ్లోకి తోయిస్తుంది. టేబుల్ ఫానును ఊక బస్తాలో కప్పెడుతుంది. ఒంటిమీది చీర మార్చి చిరుగుల చీర కట్టుకుంటుంది. గుమాస్తా అడిగితే కూలి డబ్బులు సగానికి తగ్గించి చెబుతుంది. కార్డు వస్తుంది. ఆ రాత్రి ఫాను బయటికి తీసి పెట్టుకుని పిల్లలతో పడుకుంటుంది. కథ అంతే.

దానికి నేను రాసిన జవాబు నాకు బాగా గుర్తుంది. ‘ప్రధాన పాత్ర మోసానికి పాల్పడుతున్నది కనుక పాఠకుడి సానుభూతికి ఆమె అర్హత కోల్పోయింది. శ్రామికుల నైతిక ఔన్నత్యం కథలో వ్యక్తం కావాలి. మార్చి పంపగలరు’ అని రాశాను. కుర్రాడు మార్చి పంపాడు. కొత్త కథలో తల్లి నిజం చెబుతుంది. కార్డు రాదు. పస్తున్నా తల వంచని ఆమె కళ్ళలో ఏదో వెలుగు కనిపిస్తుంది. అచ్చువేశాం. మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ తర్వాత ఏదో సభలో కలిసినప్పుడు అతను చెప్పాడు: ‘మా అమ్మకు చదువు రాదు మాస్టారూ. కథ చదివి వినిపించాను. అంతా విని, ఎవుర్రా ఈవిడ అని అడిగింది.’

నేను నవ్వాను. చదువుకోని తల్లి అమాయకత్వం అనుకున్నాను. ఆ ప్రశ్న కథమీద వచ్చిన ఏకైక విమర్శ అని తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. కథలో గుమాస్తా చేసిన తనిఖీనే నేను కథమీద చేశాను. గుమాస్తా కళ్ళు ఆమె కప్పగలిగింది. నా దగ్గర దొరికిపోయింది.

దీన్ని నా ఒక్కడి అభిరుచి లోపమని తీసిపారెయ్యవచ్చు. అలా తీసిపారేస్తే నాకూ హాయిగానే ఉంటుంది. కాని ఈ తనిఖీకి చాలా పాత చరిత్ర ఉంది. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ మన పండితులు తరతరాలుగా పాఠం చెప్పిన అలంకారశాస్త్ర గ్రంథం. అది మొదలయ్యేదే నాయక ప్రకరణంతో. నాయకుడికి ఉండవలసిన గుణాల పట్టికలో మొట్టమొదటిది మహాకులీనత. ఉదారత, తేజస్సు, విదగ్ధత లాంటివన్నీ ఆ తర్వాతే. ఇక లక్షణాలకు ఇచ్చిన ఉదాహరణలన్నీ ఆ రాజు పొగడ్తలే. కావ్యంలోకి రావడానికి ఎవడు తగునో నిర్ణయించే శాస్త్రం, తనను పోషించే ప్రభువే అందరికంటే తగినవాడని ఉదాహరణలతో సహా రుజువుచేసింది! శాస్త్రాన్నీ జీతాన్నీ ఇంత నిస్సంకోచంగా కలిపిన పుస్తకం మరొకటి నాకు తెలియదు. ఒకరకంగా ఆ నిస్సంకోచం మెచ్చదగిందే. తర్వాతి వాళ్ళం ఇదే పనిని కాస్త దాచి చేశాం.

అదే కాకతీయుల కాలంలో పాల్కురికి సోమనాథుడు దీనికి ఎదురు నిలిచాడు. బసవపురాణంలో చెప్పులు కుట్టే కులానికి చెందిన మాదర చెన్నయ్య, చాకలి మడివాలు మాచయ్య, వేటగాడు కన్నప్ప గొప్ప కథలకు నాయకులు. చోళరాజు వడ్డించే విందును కాదని శివుడు చెన్నయ్య ఇంటి అంబలి తాగుతాడు. ఇంత పెద్ద తిరుగుబాటు మన సాహిత్యంలో అంతకు ముందు లేదు. కాని ఒక్కమాట గమనించాలి. చెన్నయ్య అంబలి శివుడికి రుచించింది చెన్నయ్య భక్తుడైనందువల్ల. భక్తుడు కాని మాదరి ఇంటి అంబలి సంగతి సోమనాథుడు ఎత్తడు. ఎత్తాలని అడగడం కూడా నా ఉద్దేశం కాదు, అతని కాలానికి అతను చేసింది చాలా ఎక్కువ. పుట్టుక అడిగే ద్వారం దగ్గర భక్తి అడిగే ద్వారపాలకుణ్ణి నిలబెట్టాడు. ద్వారం మాత్రం ఉండిపోయింది.

ఈ ద్వారపాలకుణ్ణి మన సాహిత్యంలో ఎవరైనా నిలదీశారా అంటే నాకు ముందుగా మధురవాణి గుర్తుకొస్తుంది. ‘కన్యాశుల్కం’ (మొదటి కూర్పు 1897, రెండవది 1909) మీద మనం రాసినంతగా మరే రచనమీదా రాయలేదు. అయినా చివరి ఘట్టాన్ని సంస్కర్త సౌజన్యారావు పంతులు ఔన్నత్యానికి నిదర్శనంగానే చాలామంది పాఠం చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. రంగస్థలం మీద జరిగేది చూడండి. సౌజన్యారావు వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న మనిషి. అతని తూనికలో మధురవాణి ఎత్తు ఎంతో ముందే నిర్ణయమై ఉంది. లుబ్ధావధాన్లను కేసునుంచి తప్పించే దారి మాత్రం ఆమె ఒక్కదానికే తెలుసు. మగవేషంలో వచ్చిన ఆమె ఆ సాయానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. లోకోపకారం కోసం నియమం సడలించుకోవడానికి ఆయన సిద్ధపడతాడు. అప్పుడు ఆమే వద్దంటుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దన్న తల్లి బోధ అడ్డం వచ్చిందంటుంది. తక్కెడ పంతులుగారి చేతిలోనే ఉంది, అందులో కూర్చుని తూగింది పంతులుగారు. ఆ తర్వాత ఆయన ఆమెకు భగవద్గీత ఇస్తాడు. గురజాడ ఆ పుస్తకం ఇప్పించడంలో వెక్కిరింపు ఎంత, గౌరవం ఎంత అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకటి మాత్రం తేల్చుకున్నాను. మధురవాణి తానెంత మంచిదో రుజువు చెయ్యడానికి ఆ గదిలోకి రాలేదు. ఒక పని చెయ్యడానికి వచ్చింది, చేసి వెళ్ళింది. అబద్ధాలు ఆడింది, వేషం వేసింది, నాటకంలో అందరినీ ఏదో ఒక దశలో ఆడించింది. ఇవన్నీ తీసేసి ఆమెను కడిగిన ముత్యంలా చూపించమని గురజాడకు ఉత్తరం రాసే పత్రిక ఆనాడు లేకపోవడం మన అదృష్టం.

గురజాడ తర్వాత మనం ఆ దారిలో సాగలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) మాలవాడను నవలకు కేంద్రంగా చేసింది. ఆ పనికి ఉన్న విలువను నేను తగ్గించడం లేదు. దాన్ని ప్రభుత్వం నిషేధించడమే అది ఎవరికి గుచ్చుకుందో చెబుతుంది. కాని రామదాసును చూడండి. అతను ఎంత శాంతమూర్తి, ఎంత తత్త్వవేత్త! కొడుకు సంగదాసును భూస్వామి చంపినా అతని సహనం చెదరదు. అగ్రవర్ణ పాఠకుడు లేచి నిలబడి నమస్కరించదగినంత ఎత్తున రామదాసును రచయిత నిలబెట్టాడు. ఎందుకంత ఎత్తు? సామాన్యమైన మాలవాడు, అంటే కోపమూ కక్కుర్తీ భయమూ ఉన్నవాడు, పొలంగట్టు దగ్గర అన్యాయంగా దెబ్బలు తింటే అది అన్యాయం కాకుండా పోతుందా? ఇంకో కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై, ఉన్నవాళ్ళ ఇళ్ళమీద పడి దోచి లేనివాళ్ళకు పెడతాడు. నవలలో అతనున్న పేజీలే నాకు ఎక్కువ ఊపిరి ఉన్న పేజీలుగా కనిపిస్తాయి. అయినా పరీక్షలో ప్రశ్న రామదాసు పాత్ర చిత్రణమీదే వస్తుంది.

అదే కాలపు ఊపులోంచి వచ్చిన జాషువా ‘గబ్బిలం’ (1941) వేరే స్వరంలో మాట్లాడుతుంది. పేరులేని అస్పృశ్యుడు కాశీలోని శివుడికి కబురు పంపాలి. దూతగా మేఘమూ హంసా దొరకవు, అశుభమని అందరూ తరిమే గబ్బిలం దొరుకుతుంది. గుడిలోపల తలకిందులుగా వేలాడడానికి దానికి అడ్డులేదు, తనకు గడప దగ్గరే అడ్డు. పూజారి దగ్గర లేని సమయం చూసి శివుడి చెవిలో వెయ్యమంటాడు తన కబురు. ఆ ఒక్క జాగ్రత్తలోనే మొత్తం దేవాలయ వ్యవస్థ మీద తీర్పు ఉంది. కబురులో తన యోగ్యతలను ఏకరువుపెట్టి దయ చూపమని అడగడం కంటే, తన చెమట తిన్న లోకాన్ని గురించి ఫిర్యాదు చెయ్యడమే ఎక్కువగా ఉంది. జాషువా కాలికి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా గండపెండేరం తొడిగిన సంగతిని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని ఆ కథను చెప్పే తీరులో జాషువాకు యోగ్యత ఆ క్షణంలోనే, ఆ చేతులవల్లే వచ్చిందన్న ధ్వని తరచు వినిపిస్తుంది. నాకది మింగుడు పడదు.

యోగ్యతను ఇచ్చే చేతుల సంగతి వచ్చింది కనుక చలాన్ని తలచుకోక తప్పదు. పూర్వం పుస్తకాల ముందు పీఠాధిపతుల శ్రీముఖాలు, జమీందార్ల అభిప్రాయాలు, పండితుల యోగ్యతాపత్రాలు అచ్చువేసేవాళ్ళు. పుస్తకం కంటే ముందు ఆ సంతకాలను చదువుకుని పాఠకుడు ధైర్యం తెచ్చుకునేవాడు. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’ ముందు కూడా ఒక ‘యోగ్యతాపత్రం’ ఉంది. రాసింది చలం. పెద్దమనుషుల లోకం తన గుమ్మం తొక్కనివ్వడానికే యోగ్యుడు కాడని తీర్మానించిన మనిషి! ఆ పేరు పెట్టడంలోనే పాత ఆచారం మీద ఉమ్మేసినంత వెటకారం ఉంది. లోపల ఆయన మొట్టమొదట ఒప్పుకునేది, కవిత్వాన్ని తూచేందుకు కావలసిన రాళ్ళు తన దగ్గర లేవని. విద్యార్థులు దీన్ని చలం వినయమనుకుంటారు. చలానికి వినయమా! రాళ్ళు లేవనడం తూచే వృత్తినే ఎగతాళి చెయ్యడం. శ్రీశ్రీ ‘ఋక్కులు’లో అల్పమైన వస్తువులను ఏరి ఏరి వరుసపెట్టి, కవిత్వానికి పనికిరానిదంటూ లేదన్నప్పుడు ఆయన కూల్చిందీ ఈ దుకాణాన్నే. మహాకులీనత నుంచి అగ్గిపుల్ల దాకా వచ్చాం. వస్తువుల విషయంలో ద్వారాలు బద్దలయ్యాయి. మనుషుల విషయంలోనే మళ్ళీ కట్టుకున్నాం. ఆ పుస్తకంలోనే ‘భిక్షువర్షీయసి’ని చదవండి. ఆ ముసలి బిచ్చగత్తె ఏ కులందో, పడుచుతనంలో ఎలా బతికిందో, ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చుపెడుతుందో కవి విచారించడు. ఆమె చస్తే పాపం ఎవరిదన్న ఒక్క ప్రశ్న ఉంది. అది కూడా మనిషి అడగడు, గాలి అడుగుతుంది. జవాబు చెప్పవలసిన చోట కుక్కా తొండా మిగిలాయి.

మన కథకులలో ఈ విచారణ మానేసినవాళ్ళు లేకపోలేదు. చాసో ‘ఎంపు’ అనే కథలో ముష్టివాళ్ళ పిల్లకు పెళ్ళి సమస్య వస్తుంది. ఒకడు కుంటివాడు, ఒకడు గుడ్డివాడు. పిల్ల మనసు కుంటివాడి మీద. తండ్రి గుడ్డివాడి పక్షం, ఎందుకంటే కళ్ళు లేనివాడికి జనం ఎక్కువ వేస్తారు. అవిటితనమే అక్కడ అర్హత. తండ్రి లెక్క వింటూ మనం నవ్వబోతాం. కట్నాల బజారులో వరుడి ఉద్యోగాన్నీ ఎకరాలనూ బేరీజువేసే మన మధ్యతరగతి తండ్రుల లెక్క సరిగ్గా ఇదేనని తట్టినప్పుడు ఆ నవ్వు గొంతులో ఆగుతుంది. చాసో ఆ తండ్రిని మంచివాడుగా గాని చెడ్డవాడుగా గాని ముద్ర వెయ్యడు. దానధర్మాల లోకం పాత్రులకే దానం చెయ్యాలని నియమం పెట్టుకుంటే, ఆ నియమాన్నే ఆధారం చేసుకుని బతికేవాళ్ళు ఎలా ఆలోచిస్తారో అంతమాత్రం చూపించాడు.

రావిశాస్త్రి ఇంకా ముందుకు వెళ్ళాడు. విశాఖపట్నంలో ప్లీడరుగా ఆయన చూసిన లోకం ‘ఆరు సారా కథలు’గా వచ్చింది. ఆ కోర్టుల్లో సారా అమ్మేవాళ్ళున్నారు, డబ్బు తీసుకుని సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారు. ‘మాయ’లో ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుతో మాట్లాడే మాటల్లో తాను నిప్పులాంటిదాన్నన్న వాదన లేదు. ఆమె బతుకు లొసుగులు ఆమెకు తెలుసు. వాటిని దాచదు, వాటికి క్షమాపణ చెప్పదు. న్యాయం అమ్మకానికి పెట్టిన సంతలో తాను చిన్న గిరాకీనని ఆమెకు తెలిసినంత స్పష్టంగా చదువుకున్న ప్లీడరుకు తెలియదు. రావిశాస్త్రి పాత్రలు మన సానుభూతి కోసం చెయ్యి చాపవు. అందుకనే వాళ్ళమీద కలిగే ప్రేమలో దయ చూపించామన్న తృప్తి మనకు దొరకదు. ఆ తృప్తి దొరకనివ్వకపోవడమే ఆయన రాజకీయం అని నా అభిప్రాయం. ఆయన ఉపమానాలమీద వచ్చిన వ్యాసాల్లో సగమైనా దీనిమీద వచ్చి ఉంటే బాగుండేది.

ఇక్కడ మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారని తెలుసు. పేదవాళ్ళను దొంగలుగా, తాగుబోతులుగా, అబద్ధాలకోరులుగా చూపించడం పాలకవర్గ సాహిత్యమూ సినిమా ఎప్పటినుంచో చేస్తున్న పనే కదా, దానికి ప్రతిగా కదా మనం వాళ్ళ ఔన్నత్యాన్ని చిత్రించింది, ఇప్పుడు మీరు శత్రువుకు తోవ చూపిస్తున్నారు అంటారు. అభ్యంతరంలో బలముంది. కూలివాణ్ణి తాగుబోతుగా చూపించి నవ్వించే రచయితకూ రావిశాస్త్రికీ తేడా చెప్పలేనివాడు విమర్శ రాయడం మానుకోవడం మంచిది. కాని ఆ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘వీళ్ళు చెడ్డవాళ్ళు కనుక వీళ్ళకు తగిన శాస్తే జరిగింది’ అంటాడు ఒకడు. ‘వీళ్ళు మంచివాళ్ళు కనుక వీళ్ళకు ఇలా జరగకూడదు’ అంటాం మనం. తిండీ కూలీ మర్యాదా మనిషి నడవడిక చూసి ఇవ్వవలసిన బహుమతులేనని ఇద్దరమూ ఒప్పుకున్నాం. వాదం తీర్పుమీదే గాని చట్టంమీద కాదు. 1990లో మండల్ సిఫారసుల అమలుకు వ్యతిరేకంగా ‘మెరిట్’ పేరుతో వీధుల్లోకి వచ్చినవాళ్ళకు జవాబు చెప్పబోయి, మాలోనూ మెరిట్ ఉన్నవాళ్ళున్నారని పేర్లు ఏకరువు పెట్టిన మన ఉపన్యాసాలు నాకు గుర్తున్నాయి. నేనూ అలాంటిదొకటి ఇచ్చాను. చప్పట్లు పడ్డాయి. తక్కెడ ఎవరిదని ఆ రోజు నేను అడగలేదు. 1985 కారంచేడు తర్వాత రాయడం మొదలుపెట్టిన దళిత కవులు ఆ ప్రశ్న అడిగారు. మనలో కొందరికి వాళ్ళ భాష మొరటుగా వినిపించడానికి కారణం భాష కాదేమో. మన మెప్పుకోలు అక్కర్లేదన్నట్టు రాయడం మనకు కొత్త.

మాట వచ్చింది కనుక, తెలుగు ‘తగు’ను కూడా కొంచెం చూద్దాం. దాన్నుంచి పుట్టిన ‘తగవు’కు పాత తెలుగులో అర్థం న్యాయం. న్యాయం చెప్పేవాడు తగవరి. ఇప్పుడు తగవు అంటే పోట్లాట. ఎవరు దేనికి తగుదురో తేల్చడానికి కూర్చున్న ప్రతిచోటా పోట్లాటే మిగిలిందని జనం మాటను ఇలా మార్చుకున్నారేమోనని నాకు సరదాగా అనిపిస్తుంది. శబ్దశాస్త్రజ్ఞులు ఒప్పుకోనక్కరలేదు. పిలవని చోటికి వచ్చి పెత్తనం చేసేవాణ్ణి ‘తగుదునమ్మా అని తయారయ్యాడు’ అంటారు మనవాళ్ళు. తన అర్హతకు తానే సంతకం చేసుకున్నవాడని అర్థం. ఆ వాక్యం నేను ఆ కుర్రాడికి ఉత్తరం రాస్తున్నప్పుడు ఎవరైనా నా వెనకనుంచి అని ఉండవలసింది.

యువ రచయితలకు నేనిప్పుడు ‘చెడ్డ పేదవాళ్ళను’ సృష్టించమని సలహా ఇవ్వడం లేదు. అదింకో రకం గుమాస్తాగిరీ. రాసేవాడు తాను చూసిన మనిషిముందు కూర్చున్నప్పుడు తనిఖీ ఫారం పక్కన పెట్టగలడా లేదా అన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. పరీక్ష ఎవరైనా పాసు కావాలంటే అది ఆ తల్లి కాదు, ఆమె కథ చెప్పబూనిన వాడు. నిఘంటువులో పాత్ర అంటే గిన్నె కూడానని మొదట అన్నాను. చిల్లు ఆ గిన్నెలో ఉంటే నీళ్ళను తప్పుపట్టి లాభం లేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు. ఆ తర్వాత పెద్దగా రాయలేదు. దానికి కారణం నేనేనని చెప్పుకోవడం కూడా ఒక గొప్పే కనుక చెప్పను. కొంతకాలం కిందట కలిసినప్పుడు పాత ప్రతి, నేను తిప్పిపంపిన ప్రతి, ఉందా అని అడిగాను. లేదన్నాడు. తల్లి పోయి చాలా ఏళ్ళయిందట. కథ సంగతి మాట్లాడుతూ, అందులో లేనిది ఒకటి చెప్పాడు. ఆ రాత్రి ఊక బస్తాలోంచి తీసిన ఫానును దులపకుండానే స్విచ్చి వేశారట. రెక్కల్లో ఇరుక్కున్న ఊకంతా లేచి ఇంటినిండా పరుచుకుందట. పక్కలమీద, పిల్లల నెత్తిమీద, అన్నం గిన్నెలో అంతా ఊకే. తల్లి కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెడితే పక్కింటివాళ్ళు లేచి వచ్చారట.

‘అది కథలో ఎందుకు రాయలేదు? నేను కొట్టేశానా?’ అని అడిగాను.

‘లేదు మాస్టారూ. మీకు పంపకముందే నేనే తీసేశాను. కార్డుకోసం తిరిగేవాళ్ళు అంతలా నవ్వితే బాగుండదనుకున్నాను’ అన్నాడు.